మీకాయాను ఎవరు పిలుస్తారు?

ఇశ్రాయేలు రాజైన అహాబు రామోత్గిలాదు మీద యుద్ధానికి సిద్ధపడినప్పుడు అతనికి సలహాదారుల కొదవ లేదు. నాలుగు వందల మంది ప్రవక్తలు ఒకే గొంతుతో వెళ్లమన్నారు. యూదా రాజైన యెహోషాపాతుకు మాత్రం ఏదో వెలితి తోచింది. ఇంకెవరూ లేరా అని అడిగాడు. ఇమ్లా కుమారుడైన మీకాయా ఉన్నాడని, కానీ అతడు తన గురించి ఎన్నడూ మంచి చెప్పడు గనుక అతడంటే తనకు గిట్టదని అహాబు బదులిచ్చాడు (1 రాజులు 22).

అలాంటి కొలువు ఒకటి మన బూర్గంపాడును కూడా ఏలింది. 1948లో ఈ ఊరు నిజాం రాజ్యంలో, వరంగల్ జిల్లాలో ఉండేది. గోదావరి అవతలి భద్రాచలం మద్రాసు ప్రావిన్సులోది. సారపాక దగ్గర అప్పటికి వంతెన లేదు. పడవెక్కి ఏరు దాటితే ప్రభుత్వమే మారిపోయేది. హైదరాబాదులో తీసుకునే ఏ నిర్ణయమైనా చివరికి ఇలాంటి సరిహద్దు పల్లెల నెత్తిమీదే పడేది.

నిజాంకు హెచ్చరికలు అందలేదని ఎవరూ అనలేరు. భారత ప్రభుత్వంతో యథాతథ ఒప్పందం కోసం ఛత్తారీ నవాబు, వాల్టర్ మాంక్టన్, సుల్తాన్ అహ్మద్ ఢిల్లీలో చర్చలు జరిపి ముసాయిదా తెచ్చారు. తిరిగి వెళ్లవలసిన రోజు, అంటే 1947 అక్టోబరు 27న, తెల్లవారకముందే ఇత్తెహాదుల్ ముస్లిమీన్ జనం వారి ఇళ్లను చుట్టుముట్టి కదలనివ్వలేదు. వారు రాజీనామా చేశారు. నెల గడిచాక, నవంబరు 29న, నిజాం ఇంచుమించు అదే ఒప్పందం మీద సంతకం పెట్టాడు. రాయబారులను పోగొట్టుకొని ఆయన సంపాదించింది ఏమిటో మాకు అర్థం కాదు. 1948 జూన్‌లో మౌంట్‌బాటెన్ వెళ్లిపోయే ముందు సిద్ధమైన చివరి ముసాయిదాను కూడా కాదన్నాడు. ఇరవై వేల మందితో వచ్చేవాడిని పదివేల మందితో ఎదిరించగలనా అని ముందుగా కూర్చుని ఆలోచించే రాజు గురించి, శత్రువు దూరంగా ఉండగానే రాయబారం పంపే రాజు గురించి ప్రభువు చెప్పాడు (లూకా 14:31, 32). ఇక్కడ రాయబారులనే ఇంట్లో నిర్బంధించారు.

ఆ రోజుల మీకాయా ఒక పత్రికా సంపాదకుడు. 'ఇమ్రోజ్' ఉర్దూ పత్రిక నడిపిన షోయబుల్లాఖాన్ హైదరాబాదు భారత్‌లో కలవాలని, రజాకార్ల దారి నాశనానికేనని రాశాడు. 1948 ఆగస్టులో ఆయనను నడివీధిలో చంపారు. రాసిన చేతిని నరికారు. అహాబు అయితే మీకాయాను చెరసాలలో వేసి కొద్దిపాటి రొట్టె, నీళ్లు ఇమ్మన్నాడు. అతడు విడుదలైనట్టు ఆ అధ్యాయంలో లేదు.

సెప్టెంబరు 13న భారత సైన్యం ప్రవేశించింది, 17న నిజాం లొంగిపోయాడు. ఐదు రోజులైనా పట్టలేదు. కానీ తర్వాత జరిగిన హింసలో 27 వేల నుంచి 40 వేల మంది చనిపోయి ఉంటారని ప్రభుత్వమే పంపిన సుందర్‌లాల్ కమిటీ అంచనా వేసింది. వారిలో ఎక్కువమంది సామాన్య ముస్లింలు. గెలిచినవారు కూడా ఆ నివేదికను దశాబ్దాలపాటు బయటపెట్టలేదు. చేదు మాట ఓడినవారికే కాదు, గెలిచినవారికీ గిట్టదు.

2003లో ఇరాక్ దగ్గర మారణాయుధాలున్నాయన్న నివేదికలతో అమెరికా యుద్ధానికి దిగింది. తనిఖీలు ముగియడానికి ఇంకా కొన్ని నెలలు కావాలని ఐక్యరాజ్యసమితి అధికారి హాన్స్ బ్లిక్స్ చెప్పినా ఆగలేదు. ఆ నిల్వలు లేవని 2004లో అమెరికా సొంత బృందమే తేల్చింది.

రాజుల కొరకు, అధికారుల కొరకు ప్రార్థించమని పౌలు తిమోతికి రాశాడు. మన సంఘాల్లో ఆ ప్రార్థన మానం. జ్ఞానం అడుగుతాం, విజయం అడుగుతాం. వారి పక్కన చేదు నిజం చెప్పే ఒక్క మనిషిని ఉంచమని, ఆ మనిషి ప్రాణం కాపాడమని అడగడం మాత్రం మేము అరుదుగా విన్నాం. బహుశా ఆ మనిషి మన మధ్య కూడా ఇమడలేకపోతున్నాడేమో. కానుకల లెక్కలు అడిగిన పెద్దకు తర్వాతి కమిటీ మీటింగు కబురు అందని సంఘాలు ఉన్నాయి. అక్కడ కూడా ప్రతి ఆదివారం అధికారుల కొరకు ప్రార్థన జరుగుతూనే ఉంది.