ఒక పాత టెన్నిస్ పందెము అంతరించిన విధము

వింబుల్డన్ మొదలగు నాలుగు పెద్ద టెన్నిస్ పందెముల పేర్లెరుగని విద్యార్థులు అరుదు. కాని ఆ పెద్ద పందెములకు ఆటగాండ్రను సిద్ధపరచి పంపు నడిమితరగతి పందెములను గూర్చి ఆలోచించువారు మిక్కిలి తక్కువ. అట్టివానిలో ఒకటి 1889లో మొదలై 2013లో ముగిసినది. దాని చరిత్రము టెన్నిస్ ఆడనివారికిని తెలిసికొనదగినదని నా యభిప్రాయము.

అమెరికా పడమటి తీరమున కాలిఫోర్నియా రాష్ట్రమందు మాంటెరే అను సముద్రతీరపు ఊరు కలదు. అచ్చటి డెల్ మాంటె హోటలు ఆవరణమున ఈ పందెము పసిఫిక్ తీర ఛాంపియన్‌షిప్ అను పేర ప్రారంభమయ్యెను. ఆ దేశపు జాతీయ పందెము అంతకు ఎనిమిదేండ్లు ముందుగా, 1881లో, తూర్పు తీరమున మొదలై యుండెను. ఒక తీరమునుండి మరియొక తీరమునకు రైలులో పోవుటకు దినములు పట్టుచుండిన కాలమది. కావున అంతదూరము పోలేని పడమటివారికి ఈ పందెమే పెద్ద పరీక్ష యాయెను. తరువాత చిరకాలము ఇది బర్క్‌లీ పట్టణమున జరిగెను. వింబుల్డన్ స్త్రీల పందెమును ఎనిమిది మారులు గెలిచిన హెలెన్ విల్స్ బాల్యమున అభ్యాసము చేసినది ఆ బర్క్‌లీ క్లబ్బులోనే.

1974లో పందెము ఆరుబయలు విడిచి కప్పు క్రిందికి వచ్చెను. శాన్ ఫ్రాన్సిస్కో చెంతనున్న కౌ పాలెస్ అను విశాలమైన శాల దానికి నూతన నివాసమాయెను. పశుప్రదర్శనముల నిమిత్తమై కట్టబడి 1941లో తెరువబడిన శాల యది! కప్పు క్రింద ఆట స్వభావమే వేరు. గాలి బంతిని ప్రక్కకు నెట్టదు. ఎండ కన్నులలో పడదు. వాన ఆటను ఆపదు. బలమైన సర్వీసు గలవానికి అది అనుకూలము; ఎదిరికి తప్పించుకొను సాకు దొరకదు. ఒకప్పుడు అమెరికాలో మొదటి ఆటగాడుగా ఎన్నబడిన బారీ మెకే అనునతడు రెండు దశాబ్దములకు పైగా ఈ పందెమును శ్రద్ధతో నడపెను. సమీపమందలి స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున చదివిన జాన్ మెకన్రోయు, పిదప ఆండ్రి అగస్సియు దీనిని ఐదేసి మారులు గెలిచిరి. 1994లో పందెము శాన్ హోసే నగరమున మంచుహాకీ ఆటకై కట్టిన గొప్ప శాలకు మారెను. మన తెలుగువారు పెక్కండ్రు ఉద్యోగములు చేసికొనుచు కాపురములున్న ప్రాంత మదియే.

ఇట్టి పందెముల ప్రయోజనమేమని అడుగువారు రెండు సంగతులు గమనింతురు గాక. 2006లో ఆండీ మరే అను పదునెనిమిదేండ్ల స్కాట్లండు బాలుడు శాన్ హోసేలో, ఒకప్పుడు ప్రపంచమున మొదటివాడైన హ్యూయిట్‌ను ఓడించి, తన మొదటి బిరుదమును పొందెను. తరువాతి కాలమున అతడు వింబుల్డన్‌ను రెండు మారులు గెలిచెను. 2011లో కెనడా దేశపు మిలోష్ రావోనిచ్ ఇరువదియేండ్ల ప్రాయమున తన మొదటి బిరుదమును అచ్చటనే గెలిచి, తరువాతి రెండేండ్లును దానిని నిలుపుకొనెను. నిచ్చెనకు నడిమి మెట్లు లేనియెడల క్రిందివాడు పైకెట్లు పోగలడు?

ఇంత మేలు చేసిన పందెము ఎట్లు పోయినది? టెన్నిస్ పంచాంగములో ప్రతి వారమునకును ఒక హక్కు కలదు. ఆ హక్కు కొనుటకును అమ్ముటకును వీలైన ఆస్తి. విజేతకు దొరకు పాయింట్లనుబట్టి 500 అనియు 250 అనియు అందు తరగతులు. శాన్ హోసే శాలకు సంబంధించిన యజమానులకే మెంఫిస్ నగరపు పందెముకూడ చెందియుండెను. 2014లో మెంఫిస్‌కున్న 500 తరగతి హక్కు బ్రెజిల్ దేశపు రియో నగరమునకు పోయెను. శాన్ హోసే యొక్క 250 తరగతి హక్కు మెంఫిస్‌కు పోయెను. శాన్ హోసేకు ఏమియు మిగులలేదు. మెంఫిస్ పందెము 2017తో ముగియగా ఆ హక్కు 2018లో న్యూయార్కు సమీపమునకును, 2022లో డాలస్ నగరమునకును చేరెను. హక్కు బ్రదికియే యున్నది. పందెము మాత్రము చచ్చినది.

దీనికి సమాధానము చెప్పువారు లేకపోలేదు. ఫిబ్రవరిమాసమున ఐరోపాలోను దక్షిణ అమెరికాలోను వేరు పందెములుండుటచే ప్రసిద్ధులందరు రారనియు, నష్టమునకు ఎవరును పందెము నడపజాలరనియు వారందురు. ఆ మాట నేను కాదనను. ధనమిచ్చిన కంపెనీలే దానిని అన్నేండ్లు నిలిపినవనుటయు సత్యమే. కాని ఆ ధనముతోపాటు పందెము తన పేరును పోగొట్టుకొనెను. ట్రాన్సమెరికా, వోల్వో, సైబేస్, సీబెల్, శాప్ అని కంపెనీ మారినప్పుడెల్ల పేరు మారెను. చెట్టు పేరు చెప్పి కాయలమ్ముకొనువాడు చెట్టు పేరైన నిలుపును. ఇచ్చట ఆ పేరే తుడిచివేయబడెను. పేరు పోయిన పిదప ఊరివారికి అది తమదను అభిమానము తగ్గుట సహజము. ఊరు మారినను, నేల మారినను, కప్పు వచ్చినను చావని పందెము, ఊరితో సంబంధము లేని ఆస్తిగా మారుటచేతనే చచ్చినదని నా నిశ్చయము.

ఇది దూరదేశపు కథయని మనము ఊరకుండరాదు. 1997 మొదలు చెన్నపట్టణమున జరిగిన టెన్నిస్ పందెము, ఆరుబయటిదే యైనను, 2018లో పుణెకు తరలిపోయి, 2023 తరువాత అచ్చటను నిలిచిపోయినది. మన పిల్లలు ఒక్క రాత్రి రైలుప్రయాణముతో పోయి ప్రపంచపు ఆటగాండ్రను కన్నులార చూచు అవకాశము దానితో పోయినది.

కావున నేను కోరునది ఇది. పందెపు హక్కును అమ్మునప్పుడు ఆ ఊరి క్రీడాసంఘమునకు మాట చెప్పు అధికార ముండవలెను. ధనమిచ్చువాని పేరు ప్రక్కన నుండవచ్చును గాని, పందెపు సొంతపేరు మారరాదు. ఏటేటి విజేతల పట్టికను ఊరివారే భద్రపరచవలెను.

విద్యార్థులారా, పెద్ద హక్కుల క్రయవిక్రయములు మీ చేతిలో లేవు. కాని మీ తాలూకా పందెములు, పాఠశాలల మధ్య జరుగు పోటీలు మీ చేతిలోనివే. ఓడుదుమను భయముచే మానక పేరిచ్చి ఆడుడు. ఆడలేనివారు సున్నముతో గీతలు గీయుడు, లెక్క వ్రాయుడు, కడపటి ఆటవరకు కూర్చుండి చూడుడు. చూచువారు లేక పాడుపడిన పందెమును ఏ ధనికుడును చిరకాలము నిలుపలేడు. ఊరివారు తమదని పట్టుకొన్న పందెమును ఎత్తుకొనిపోవుట ఎవరికైనను సులభము కాదు.