సర్వర్ డౌనా? ఎక్కడ డౌనో చెప్పండి!

పంట చేతికొచ్చే రోజుల్లో మనకు ఎక్కువగా వినబడే మాట ఒకటుంది. పంట నమోదుకు వెళితే ‘సర్వర్ డౌన్’. ఈకేవైసీకి వేలు పెడితే ‘సర్వర్ డౌన్’. యూరియా కోసం తెల్లవారుజామున లైన్లో నిలబడితే మిషన్ మీద చక్రం తిరుగుతూనే ఉంటుంది. ధాన్యం తూకం అయిపోయి, సంచులు కుట్టేసి, ట్రక్ షీట్ తియ్యబోతే మళ్లీ అదే మాట. తుపాను వచ్చింది, మనమేం చేస్తాం అన్న ధోరణిలో చెబుతున్నారు. వినీ వినీ మనమూ అలాగే తీసుకుంటున్నాం. తువ్వాలు దులుపుకొని ‘రేపు రమ్మన్నారు’ అంటూ ఇంటికొస్తున్నాం.

సర్వర్ ఆకాశంలో లేదు. ఒక గదిలో ఉన్న యంత్రం అది. దాన్ని చూసుకోవడానికి జీతాలు తీసుకునే మనుషులున్నారు, బిల్లులు పెట్టుకునే కాంట్రాక్టర్లున్నారు. కాబట్టి మనం అడగాల్సిన ప్రశ్నలు మూడు. ఏది ఆగింది? ఎన్ని గంటలకు ఆగింది? దాన్ని సరిచేయాల్సినవాడు ఎవడు?

బావి మీద మోటారు ఆడకపోతే మనం ‘మోటారు డౌన్’ అని మంచమెక్కం. మూడు ఫేజులూ ఉన్నాయా చూస్తాం. ఫీజు పోయిందా, స్టార్టర్ పట్టడం లేదా, కేబుల్ ఎక్కడైనా తెగిందా, ఫుట్‌వాల్వ్‌లో చెత్త ఇరుక్కుందా, అసలు బావిలో నీళ్లున్నాయా, ఒక్కొక్కటీ చూస్తాం. ఏది పోయిందో తెలిస్తే మెకానిక్‌ను పిలవాలో, లైన్‌మన్‌ను పిలవాలో తెలుస్తుంది. ఏడో తరగతి చదివిన రైతు తన మోటారుకు చేసే ఈ పని, కోట్ల రూపాయల కంప్యూటర్ వ్యవస్థకు ఎందుకు చేసి చూపించరు?

ఆ వ్యవస్థ ఎలా నడుస్తుందో మన యువజన కార్యకర్తల్లో కంప్యూటర్ చదువుకున్న పిల్లలతో కూర్చుని తెలుసుకున్నాం. అంత బ్రహ్మవిద్యేమీ కాదు. కేంద్రంలో ఉన్న ట్యాబ్ నుంచి మన వివరాలు సెల్ టవర్ మీదుగా దూరాన ఉన్న సర్వర్‌కు వెళతాయి. అక్కడ అప్లికేషన్ అనే ప్రోగ్రాం ఉంటుంది. అది గుమాస్తా లాంటిది. మన పేరు, సర్వే నంబరు, పంట, బస్తాలు దాని దగ్గర ఉండవు. అవన్నీ డేటాబేస్ అనే ఇంకో చోట ఉంటాయి. అది రికార్డుల గది. గుమాస్తా బల్ల దగ్గరే కూర్చుని ఉన్నాడు, రికార్డుల గది తలుపే తెరుచుకోవడం లేదు. మనకు ‘సర్వర్ డౌన్’ అని చెబుతున్న రోజుల్లో చాలావాటి వెనుక కథ ఇదే.

తలుపు తెరుచుకోకపోవడానికి కారణాలు వేల సంఖ్యలో ఉండవు. తలుపు కొట్టగానే ‘కనెక్షన్ రెఫ్యూజ్డ్’ అని వచ్చిందనుకోండి, లోపల డేటాబేస్ ప్రోగ్రాం ఆగిపోయి ఉంటుంది, లేదా గుమాస్తా తప్పు తలుపు కొడుతున్నాడు. ఈ తలుపులకు నంబర్లుంటాయి. పోస్ట్‌గ్రెస్ అనే డేటాబేస్‌కు మామూలుగా 5432, మైఎస్‌క్యూఎల్‌కు 3306. ఎంతసేపు చూసినా ఉలుకూ పలుకూ లేక ‘టైమ్‌డ్ అవుట్’ అని వస్తే మధ్య దారిలో అడ్డం పడిందన్నమాట. యంత్రాన్ని ఒక చోటు నుంచి ఇంకో చోటికి మార్చి, దారిలో ఉన్న కాపలాకు, అంటే ఫైర్‌వాల్‌కు, ఆ సంగతి చెప్పకపోతే ఇలా అవుతుంది. ‘యాక్సెస్ డినైడ్’ అయితే పాస్‌వర్డ్ గొడవ. డేటాబేస్ దగ్గర పాస్‌వర్డ్ మార్చి అప్లికేషన్‌లో పాతదే ఉంచేస్తారు. ఇంటికి తాళం మార్చి పాలేరుకు పాత తాళంచెవి ఇచ్చినట్టు. ఈ మూడూ తెలిసినవాడు చూస్తే తొందరగానే బయటపడేవి. మూడు రోజులు పట్టిందంటే చూసేవాడు లేడని అర్థం.

నాలుగోది మన సీజన్ రోగం. ‘టూ మెనీ కనెక్షన్స్’. రికార్డుల గదిలోకి ఒకేసారి ఎంతమందిని పంపాలో ఒక లెక్క ఉంటుంది. ఎవరూ మార్చకుండా వదిలేస్తే పోస్ట్‌గ్రెస్‌లో ఆ లెక్క 100, మైఎస్‌క్యూఎల్‌లో 151. దాన్ని పెంచుకోవచ్చు. పెంచిన దానికి తగ్గ యంత్రం పెట్టుకోవాలి. అంతకంటే ముఖ్యం, లోపలికి వెళ్లినవాడు పని కాగానే బయటికి రావాలి. ప్రోగ్రాం సరిగా రాయకపోతే పని అయినా కనెక్షన్ మూయదు. పొలం తడిసినా తూము మూయకుండా పోయిన ఆసామి ఊరికి నలుగురుంటే చివరి ఎకరాలకు నీళ్లు వస్తాయా? ఇదీ అంతే. పొద్దున పది గంటల దాకా బాగా నడిచి, మండలాలన్నీ ఒక్కసారి మొదలెట్టగానే పడిపోయి, సాయంత్రం ఎవరో సర్వర్‌ను ఆపి మళ్లీ ఆన్ చేయగానే లేచి, మర్నాడు మళ్లీ పది గంటలకు పడిపోతుంటే మొట్టమొదట ఇక్కడే వెతకాలని మన పిల్లలు చెబుతున్నారు. ఆపి ఆన్ చేయడం మరమ్మతు కాదు. పొంగే కాలువకు గడ్డి అడ్డం పెట్టడం.

‘సీజన్లో రద్దీ, ఏం చేస్తాం’ అని అధికారులు అంటున్నారు. రద్దీ చెప్పకుండా వచ్చిందా? సార్వా కోతలు ఏ నెలలో వస్తాయో అంగన్‌వాడీ పిల్లవాడికి తెలుసు. ఏ మండలంలో ఎన్ని ఎకరాలు వేశామో పంట నమోదులో వాళ్లే రాసుకున్నారు. ఎన్ని లక్షల మంది ఏ పది రోజుల్లో వస్తారో ఆ లెక్కే చెబుతుంది. మన వివరాలన్నీ ముందే గుంజుకుని, వాటితో తమ యంత్రానికి ఎంత బలం కావాలో లెక్క కట్టుకోలేదంటే ఆ వివరాలు ఎందుకు గుంజినట్టు?

ఇక ‘మీ ఊళ్లో నెట్ లేదు’ అనే మాట. ఉండొచ్చు. కొండ పక్క ఊళ్లలో సిగ్నల్ లేని మాట నిజమే. కానీ ప్రతిసారీ అదే చెబితే ఒప్పుకోవద్దు. అదే ఫోన్లో, అదే సిమ్ మీద వేరే ఏదైనా తెరిచి చూడండి. తెరుచుకుంటే నెట్ ఉన్నట్టే. అదే నిమిషంలో పక్క మండలం కేంద్రానికి ఫోన్ చేసి అడగండి. అక్కడ వేరే కంపెనీ సిమ్ మీదా ఆగి ఉంటే రోగం మన ఊరిది కాదు. స్క్రీన్ మీద కొన్నిసార్లు 500, 502, 503, 504 అని నంబర్లు వస్తాయి. వాటిని చూసి కంగారు పడకండి, అవి మనకు సాక్షులు. మన కబురు వాళ్ల గుమ్మం దాకా వెళ్లింది, అక్కడి నుంచే జవాబు వెనక్కి వచ్చింది, లోపం గుమ్మానికి అవతలే ఉందని ఆ నంబర్ల భావం. నెట్ లేకపోతే ఆ నంబరు కూడా రాదు.

చెప్పకూడని రహస్యమేమో అనుకోకండి. 2025 అక్టోబర్ 20న అమెజాన్ కంపెనీకి అమెరికాలోని వర్జీనియాలో ఉన్న సర్వర్ల దగ్గర పెద్ద అవాంతరం వచ్చింది. ప్రపంచంలో ఎన్నో కంపెనీల సేవలు గంటల తరబడి ఆగాయి. డైనమోడీబీ అనే డేటాబేస్ చిరునామా, పేర్ల పట్టికలో ఖాళీ అయిపోయింది. చిరునామా లేకపోయేసరికి అప్లికేషన్లు దాని దగ్గరికి వెళ్లలేకపోయాయి. ఏ ప్రోగ్రాం ఏ ప్రోగ్రాంను దాటేసి ఆ చిరునామాను చెరిపిందో, ఎన్ని గంటలకు మొదలై ఎన్ని గంటలకు సరైందో కంపెనీయే రాసి అందరికీ బయటపెట్టింది. మన దేశంలోనూ 2025 ఏప్రిల్ 12న యూపీఐ చెల్లింపులు ఆగినప్పుడు, బ్యాంకుల నుంచి ఒక రకం విచారణలు వరదలా వచ్చి పడ్డాయని కారణం బయటికి చెప్పారు. ఫోన్‌పే, గూగుల్‌పే వాడేవాళ్లకు చెప్పాల్సి వచ్చిన సమాధానం, కల్లంలో ధాన్యం పోసుకుని కూర్చున్నవాడికి ఎందుకు చెప్పరు?

ఇంకొకటి. 2025 జనవరిలో జీఎస్టీ పోర్టల్ మొరాయించింది. వ్యాపారులు 11వ తేదీలోగా వెయ్యాల్సిన రిటర్న్‌కు 10వ తేదీనే గడువు పెంచి 13 చేశారు. అదే ఏడాది సెప్టెంబర్ 15న ఆదాయపు పన్ను రిటర్నులకు ఆఖరి రోజు. పోర్టల్ సతాయిస్తోందని గగ్గోలు పుట్టగానే అర్ధరాత్రి లోపు ఇంకో రోజు ఇచ్చారు. తప్పని మనం అనడం లేదు, సరైన పనే. యంత్రం ఆగితే గడువు ఆగాలన్న న్యాయం ఉందని ప్రభుత్వానికి తెలుసన్నమాట. మన పంట నమోదుకు, బీమాకు, ఈకేవైసీకి మాత్రం ఆ న్యాయం దానంతటది రాదు. ధర్నా చేస్తేనో, పత్రికల్లో ఫోటో వస్తేనో వస్తుంది. ఈలోగా నమోదు కానివాడు నష్టపరిహారం జాబితాలో ఉండడు, కొనుగోలు జాబితాలో ఉండడు. అసలే సీసీఆర్‌సీ కార్డు కోసం యజమాని చుట్టూ తిరిగిన కౌలు రైతుకు ఇది రెండో దెబ్బ.

ఎరువుల మిషన్ సంగతి చూడండి. కొత్తగా వచ్చిన మిషనేం కాదు. మొదట ప్రయోగం చేసిన జిల్లాల్లో మన కృష్ణా, పశ్చిమ గోదావరి ఉన్నాయి, 2018 మార్చి నాటికి దేశమంతా పెట్టారు. రైతు వేలిముద్ర పడి అమ్మకం ఎక్కితేనే కేంద్రం నుంచి కంపెనీకి సబ్సిడీ వెళుతుంది. అంటే ఆ మిషన్ కంపెనీ బిల్లు కోసం పెట్టింది. 45 కిలోల బస్తాకు మనం కట్టేది 266 రూపాయల 50 పైసలు, దానికంటే ఎక్కువ సొమ్ము కేంద్రం నుంచి కంపెనీకి పోతుంది. బిల్లు వాళ్లది, నిలబడే కాళ్లు మనవి. గోదాములో సరుకు కళ్లెదుట ఉన్నా, పైరు పసుపెక్కుతున్నా, మిషన్ లేవలేదని బస్తా ఇవ్వరు.

వేలిముద్రల మీద నింద వేరే. నాగలి పట్టి, కొడవలి పట్టి అరిగిన వేళ్లు. 2016-17 ఆర్థిక సర్వేలో కేంద్ర ప్రభుత్వమే ఆధార్ ధ్రువీకరణ విఫలమైన అంచనాలు వేసింది. జార్ఖండ్‌లో 49 శాతం, రాజస్థాన్‌లో 37 శాతం, మన కృష్ణా జిల్లాలో 5 శాతం. కృష్ణా మెరుగే, ఒప్పుకుంటాం. కానీ ఆ 5 శాతం లెక్కన నూరుమంది లైన్లో ఐదుగురు వట్టి చేతులతో ఇంటికి పోతారు. అందుకే 2017 డిసెంబర్ 19న కేంద్ర క్యాబినెట్ సచివాలయం సర్క్యులర్ ఇచ్చింది. నెట్ లేకపోయినా, వేలిముద్ర పడకపోయినా సంక్షేమ ప్రయోజనాన్ని ఆపొద్దు, కార్డు చూసి రిజిస్టర్లో రాసుకుని ఇవ్వండి అని దాని సారం. ఆ రిజిస్టర్ మీ కేంద్రంలో ఉందా? అడిగి చూడండి.

ధాన్యం దగ్గర ఒక్క రోజు ఆలస్యం ఖరీదు ఎంతో బయటివాళ్లకు తెలియదు. 17 శాతం తేమకు ఆరబెట్టిన ధాన్యం రాత్రి మంచుకు మళ్లీ తేమ పట్టుకుంటుంది. పట్టాల అద్దె, కాపలా, మళ్లీ ఎత్తి పోసే కూలి అన్నీ రైతువే. మబ్బు పట్టిందంటే దళారీ వచ్చి కల్లం గట్టున కూర్చుంటాడు. వాడికి సర్వర్‌తో పనిలేదు, జేబులో నోట్లుంటాయి. 2025-26కు సాధారణ రకం మద్దతు ధర క్వింటాకు 2,369 రూపాయలు, 75 కిలోల బస్తాకు 1,776 రూపాయల పైచిలుకు. వాడు బస్తాకు వంద తగ్గించినా వంద బస్తాల రైతుకు పది వేలు పోయినట్టే. ఆ పది వేలు సర్వర్ ఖాతాలో రాస్తారా? ‘రైతు స్వచ్ఛందంగా బయట అమ్ముకున్నాడు’ అని రాస్తారు.

కొన్నిచోట్ల మనవాళ్లు కోపం పట్టలేక కేంద్రంలో ఉన్న కుర్రాడి మీద, వ్యవసాయ సహాయకుల మీద పడుతున్నారు. అది తగదు. ఆ పిల్లల చేతిలో ట్యాబ్ తప్ప ఏమీ లేదు. రికార్డుల గది తాళం వాళ్ల దగ్గర ఉండదు, వాళ్లూ మనతోపాటు ఆ చక్రం వంక చూస్తూ కూర్చునేవాళ్లే. వాళ్లను ముందు నిలబెట్టి వెనకున్నవాళ్లు తప్పుకుంటున్నారు. కంప్యూటర్లే వద్దనేవాళ్లతోనూ మేం ఏకీభవించం. దొంగ పేర్లు తగ్గడం మనకే మంచిది. మన డిమాండ్లు ఇవి. ఆగిన ప్రతిసారీ ఏది ఆగింది, ఎందుకు ఆగింది, ఎంతసేపు అనేది 24 గంటల్లో కేంద్రం గోడ మీద అంటించాలి. ఆగినన్ని రోజులు గడువు దానంతటదే పెరగాలి, దరఖాస్తులూ దండాలూ లేకుండా. గంట దాటి ఆగితే కాగితం మీద తూకం చీటీ, సంతకం, ముద్ర వేసి సరుకు దించుకోవాలి, యంత్రం లేచాక వాళ్లే ఎక్కించుకోవాలి. నిర్వహణ కాంట్రాక్టులో సీజన్లో ఆగిన గంటలకు జరిమానా రాయాలి, ఆ జరిమానా కల్లంలో కాపలా పడుకున్న రైతుకు చేరాలి.

సర్వర్లలో లాగ్ అని ఒకటుంటుంది. ఏ క్షణాన ఏ తలుపు తెరుచుకోలేదో యంత్రం తానే రాసిపెట్టుకునే డైరీ. దాన్ని 2005 సమాచార హక్కు చట్టం కింద అడుగుతాం, 30 రోజుల్లో జవాబు రావాలి. ఊరికే ‘సర్వర్ ఎందుకు ఆగింది’ అని అడిగితే ఊరికే జవాబు వస్తుంది. ఫలానా తేదీన ఫలానా గంట నుంచి ఫలానా గంట వరకు డేటాబేస్ కనెక్షన్ విఫలమైన నమోదులు, ఆ రోజు నిర్వహణ బాధ్యుడి హోదా, కాంట్రాక్టు నకలు, ఇలా అడగాలి. అలా అడగాలంటే తేదీలూ గంటలూ మన దగ్గర ఉండాలి.

అందుకే కేంద్రాలు తెరిచిన రోజు నుంచి ప్రతి గ్రామ కమిటీ రెండు వందల పేజీల నోట్‌బుక్ ఒకటి కొని కేంద్రంలో పెట్టాలి. తేదీ, ఆగిన టైము, లేచిన టైము, స్క్రీన్ మీద ఉన్న మాటలు ఉన్నవి ఉన్నట్టుగా, అప్పుడు లైన్లో ఉన్న రైతుల సంఖ్య, వేచి ఉన్న బస్తాలు, ఇద్దరి సంతకాలు. నెలాఖరు ఆదివారం మండల కమిటీకి ఆ పేజీల నకళ్లు చేరాలి. స్క్రీన్ ఫోటో తీసేటప్పుడు పైన టైము పడేలా తియ్యండి. రైతు ఆధార్ నంబరు మాత్రం పడకూడదు, దాని మీద వేలు అడ్డం పెట్టి తియ్యండి.