అమ్మానాన్నల ఓటీపీ మీ ఫోన్‌కు వస్తోందా? ముందు మార్చాల్సింది అదే

మీరు హైదరాబాద్‌లో, ఆఫీసు మీటింగ్‌లో ఉన్నారు. ఇబ్రహీంపట్నం నుంచి నాన్న ఫోన్. "బిడ్డా, నీ ఫోన్‌కు ఏదో నంబర్ వచ్చిందట, జర చెప్పు. బ్యాంకుల నిలబడ్డ." మీరు బయటికొచ్చి చూసేలోపు ఓటీపీ గడువు అయిపోతుంది. నాన్న మళ్లీ లైన్లో నిలబడాలి.

టీసీఎస్ క్యాంపస్, విమాన విడిభాగాల పరిశ్రమలు ఉన్న ఆదిభట్ల ఇబ్రహీంపట్నం పక్కనే. అయినా ఇక్కడి పెద్దవాళ్లు చిన్న పనికి కూడా సిటీలోని పిల్లలకు ఫోన్ చేయాల్సి వస్తే, లోపం ఎక్కడుంది?

ఇంటి నుంచే ఏం చేసుకోవచ్చు?

పింఛన్‌దారులు ఏటా ఇచ్చే లైఫ్ సర్టిఫికెట్‌నే తీసుకోండి. 'జీవన్ ప్రమాణ్' 2014 నవంబర్‌లో మొదలైంది. అప్పట్లో వేలిముద్రో, కంటిపాప స్కానింగో తప్పనిసరి. అందుకు ప్రత్యేక పరికరం కావాలి. 2021 నవంబర్‌లో ముఖ గుర్తింపు వచ్చాక ఆండ్రాయిడ్ ఫోన్ కెమెరా సరిపోతోంది.

ఇందుకు జీవన్ ప్రమాణ్ యాప్‌తో పాటు 'ఆధార్ ఫేస్ ఆర్‌డీ' యాప్ కూడా ఉండాలి. ఆధార్, పీపీఓ, బ్యాంకు ఖాతా నంబర్లు దగ్గర పెట్టుకోండి. ఒకే ఫోన్ నుంచి ఎంతమందికైనా చేయొచ్చు కాబట్టి పక్కింటి రిటైర్డ్ మాస్టారికి కూడా మీ నాన్నే చేసిపెట్టొచ్చు.

కేంద్ర ప్రభుత్వ పింఛన్‌దారులు నవంబర్‌లో ఇవ్వాలి. 80 ఏళ్లు దాటినవారికి అక్టోబర్ 1 నుంచే అవకాశం ఉంది. ఈపీఎఫ్ఓ పింఛన్‌దారులు ఏడాదిలో ఎప్పుడైనా ఇవ్వొచ్చు, అది 12 నెలలు చెల్లుతుంది. స్మార్ట్‌ఫోన్ లేనివారు పోస్టాఫీసులో అడిగితే పోస్ట్‌మ్యాన్ ఇంటికొచ్చి చేస్తారు.

వేలిముద్ర పడకపోతే?

పొలం పని, కూలి పని చేసిన చేతుల గీతలు అరిగిపోతాయి. పింఛన్ కోసం పోస్టాఫీసుకు వెళ్లి, మిషన్ వేలిముద్ర తీసుకోక వెనక్కి వచ్చినవాళ్లు ఊరూరా ఉన్నారు. అందుకే తెలంగాణ ప్రభుత్వం 2025 జులైలో చేయూత పింఛన్లకు ముఖ గుర్తింపు విధానాన్ని తెచ్చింది. మీ ఊళ్లో ఇంకా వేలిముద్రతో తిప్పలు పడుతుంటే, ముఖ గుర్తింపుతో ఇవ్వమని పోస్టాఫీసులో అడగమనండి.

మరి అడ్డు ఎక్కడ?

చాలా ఇళ్లలో ఆధార్‌కు, బ్యాంకు ఖాతాకు కొడుకు నంబరో, కూతురి నంబరో ఇచ్చి ఉంటారు. "వాళ్లకేం తెలుస్తుంది" అనుకుని మనమే ఇచ్చాం. కానీ డిజీలాకర్ తెరవాలన్నా, ఆధార్ ఓటీపీతో ఈ-కేవైసీ చేయాలన్నా ఆ నంబర్‌కే మెసేజ్ వస్తుంది. బ్యాంకులో నమోదైన సిమ్ చేతిలో లేకపోతే ఆ ఖాతాకు యూపీఐ కూడా రాదు.

అంటే ఖాతా నాన్నది, తాళంచెవి మీది. తన పింఛన్ పడిందో లేదో కూడా ఆయన మిమ్మల్నే అడగాలి. మీరు ప్రేమతోనే చేశారు. కానీ నెలనెలా అడగాల్సి రావడం పెద్దవాళ్లకు చిన్నతనంగానే ఉంటుంది.

ఈ ఆదివారం ఏం చేయాలి?

ముందుగా వాళ్ల పేరు మీద ఒక సిమ్ తీసుకోండి. ఆధార్ కేంద్రం, బ్యాంకు ఆదివారం ఉండకపోవచ్చు కాబట్టి ఒక పనిదినం కూడా కేటాయించుకుని, రెండు చోట్లా ఆ నంబర్ నమోదు చేయించండి.

తర్వాత ఫోన్‌లో అక్షరాల సైజు పెంచండి, భాష తెలుగులోకి మార్చండి. టైప్ చేయడం రాకపోయినా మైక్ గుర్తు నొక్కి తెలుగులో మాట్లాడితే చాలని చూపించండి.

మూడోది అన్నిటికన్నా కష్టం. ఫోన్ వాళ్ల చేతిలోనే ఉంచి మీరు పక్కన కూర్చోండి. "ఇటివ్వు, నేను చేస్తా" అని లాక్కోకండి. తప్పు నొక్కితే నొక్కనివ్వండి. చూస్తే గుర్తుండని పని చేస్తే గుర్తుంటుంది.

మోసాల భయం ఉందిగా?

ఉంది. అలాగని ఫోన్ దూరం పెట్టనక్కర్లేదు, జాగ్రత్తలు నేర్పితే చాలు. యూపీఐకి వేరే ఖాతా పెట్టి, నెల ఖర్చుకు సరిపడా మాత్రమే అందులో ఉంచండి. డబ్బు తీసుకోవడానికి పిన్ అక్కర్లేదని చెప్పండి. 'డిజిటల్ అరెస్ట్' అనేది చట్టంలో లేనే లేదు, వీడియో కాల్‌లో పోలీసు కనిపించినా కట్ చేయమనండి. డబ్బు పోతే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయాలి. ఓటీపీ అడిగితే మీకు కూడా చెప్పకూడదని నేర్పండి. నంబర్ వాళ్ల దగ్గరే ఉంటే మీరు అడగాల్సిన పనే ఉండదు.

ఫోన్‌లో సేవ్ చేయాల్సిన మరో నంబర్ 14567. వృద్ధుల కోసం నడిచే ఈ 'ఎల్డర్ లైన్' మొదట హైదరాబాద్‌లోనే 2017లో ప్రారంభమై, తర్వాత దేశమంతా విస్తరించింది. పింఛన్, న్యాయ సలహా, వేధింపులు, ఒంటరితనం, ఇలా దేనికైనా ఉదయం 8 నుంచి రాత్రి 8 వరకు ఉచితంగా ఫోన్ చేయొచ్చు. దీనికి బటన్ ఫోన్ చాలు.

ఇవన్నీ ఒక్క ఆదివారంలో రావు. రెండు మూడుసార్లు ఊరికి వెళ్లాల్సి ఉంటుంది. వచ్చే ఏడాది లైఫ్ సర్టిఫికెట్ మెసేజ్ ముందు నాన్న ఫోన్‌కు రావాలి. "అయిపోయింది బిడ్డా" అని ఆయనే మీకు చెప్పాలి.