కారు కదలకపోతే ముందు వినాలి

నాన్నగారి బదిలీల వల్ల మేము ఊళ్లు మారుతూనే ఉంటాం. ఈసారి బీజాపూర్ జిల్లా ఆవపల్లికి వచ్చాం. ఇల్లు మారినా, బడి మారినా మాతో వచ్చేది మా పాత కారే.

ఒక వానాకాలం ఉదయం చెల్లికి జ్వరం. బీజాపూర్ ఆసుపత్రికి బయలుదేరితే కారు స్టార్ట్ కాలేదు. తాళం తిప్పితే 'టక్' మన్న చప్పుడే. "ఇక దీన్ని అమ్మేద్దాం" అంది అమ్మ. నాన్నగారు బానెట్ ఎత్తారు. బ్యాటరీ టెర్మినళ్ల మీద తెల్లని పొడి పేరుకుంది. చేతులకు తొడుగులు వేసుకుని, ముందు నెగటివ్, తర్వాత పాజిటివ్ తీగ విప్పి, తుడిచి, పాజిటివ్ ముందుగా బిగించారు. కారు స్టార్ట్ అయింది!

ఈ పని పిల్లలూ తెలుసుకోవాలన్నది మా అభిప్రాయం. 'టక్' మని ఆగితే ముందు బ్యాటరీ, దాని కనెక్షన్లు చూడాలి. ఇంజన్ తిరిగినా అంటుకోకపోతే పెట్రోలో, స్పార్కో అందడం లేదని అనుమానించాలి. నిండుగా చార్జయిన బ్యాటరీ సుమారు 12.6 వోల్టులు చూపుతుంది. 12కు దిగితే దాదాపు ఖాళీయే. సైన్సు పుస్తకంలోని విద్యుత్ వలయం ఇదే కదా!

మిత్రులారా, కొత్త ఊళ్లో మనకు తెలిసిన మెకానిక్ ఉండరు. పాతదని అమ్మేసే ముందు, లోపం ఎక్కడుందో వెతుకుదాం. పెద్దలు పక్కన ఉన్నప్పుడే సుమా!