పుస్తకమును వెట్టియు

పూర్వపు నందిగామ తాలూకాలోని రెండు చోట్లను ఒక్కసారిగా తలచుకొన్నపుడు, మానవగౌరవమనగా ఏమన్న ప్రశ్నకు ఒకే సమాధానము చాలదని నాకు తోచుచుండును. ఒకటి మునేటి ఒడ్డునున్న పెనుగంచిప్రోలు. రెండవది, చుట్టును నైజాము రాజ్యముండగా నడుమ ఇంగ్లీషువారి ఏలుబడిలో నిలిచి, 1959లో నల్లగొండ జిల్లాలో చేరిన మునగాల పరగణా.

పెనుగంచిప్రోలున 1874లో పుట్టిన భండారు అచ్చమాంబ, బడి మొగమెరుగకయే, తన యింట నుండి నాగపురమున చదువుకొన్న తమ్ముడు కొమర్రాజు లక్ష్మణరావుతో పాటు తానును చదివి, స్త్రీలకు బుద్ధి తక్కువన్నవారికి ‘అబలా సచ్చరిత్ర రత్నమాల’నే ప్రత్యుత్తరముగా రచించినది. ఆమెకు గౌరవమనగా అక్షరము. ఆ తమ్ముడే మునగాల జమీందారు నాయని వేంకటరంగారావుగారి కడ దివాను. రాజావారి అండతో హైదరాబాదున 1901లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయమను గ్రంథాలయమును, 1906లో గ్రంథములు ప్రచురించు విజ్ఞానచంద్రికా మండలియు వెలసినవి. వారి ఋణము తెలుగువారికి తీరునది కాదు.

అట్లని, 1930ల దశకమున అదే పరగణా రైతులు వెట్టికిని అక్రమ వసూళ్లకును ఎదురు తిరిగిన సంగతిని ఆ కీర్తి చాటున దాచుట న్యాయము కాదు. కబురు వచ్చినదే తడవుగా సొంతచేను విడిచి, కూలి లేని చాకిరికి పోవలసినవాడు చరిత్ర గ్రంథమును అడుగలేదు. తన పగలు తనకు దక్కవలెనన్నాడు. గ్రంథాలయమునకు చేయూతనిచ్చిన దొరతనమునకు ఇంత చిన్నకోరిక కనబడకపోవుట వింతయే, కాని మనమును అంతకంటె చూపు గలవారము కాము.

మిరపకోతల వేళ జగ్గయ్యపేట, నందిగామ చేలవైపు పోయి చూడుడు. ఆటోలో ఒకరి ఒడిలో ఒకరుగా వచ్చిన ఆడకూలీలు, ఘాటు తగులకుండ కొంగు ముక్కుకు చుట్టుకొని, నడుమున కట్టిన గుడ్డసంచిలో పండుకాయ నింపుచుందురు. కూలిరేటు పెంచినవాడు వారికి మర్యాద చేసితిననుకొనును, పెంచుట మంచిదే. కాని చాటునకు చెట్టయినను లేని ఆ నల్లరేగడి చేలో, ఎండ ఎంత మండినను, పొద్దుగూకువరకు వారు నీళ్లు తాగుట తగ్గించుకొందురు. సిమెంటు కర్మాగారపు కాంట్రాక్టు పనివాని నడిగినచో అతడు మరొకటి చెప్పును: హాజరుపట్టీలో తన పేరుండవలెనని.

రాజ్యాంగపు 23వ అధికరణము వెట్టిని నిషేధించినది. పీఠిక వ్యక్తి గౌరవమును పేర్కొన్నది. చేలో మరుగును గూర్చి ఏ అధికరణమును వ్రాయదు గదా! కౌలురైతు నడిగినచో, పెట్టుబడియే రాని తనకు మరుగుదొడ్డి ఎక్కడిదనును. ఆ మాట నిజము. కావున పంటపై సెస్సు వసూలుచేయు మార్కెట్ కమిటీలును, గ్రామపంచాయతీలును కలిసి, కోతల మాసములలో డొంకల వెంట కదిలించదగిన మరుగుదొడ్లను, మంచినీటి డ్రమ్ములను పెట్టించవలెను. అవి ఎక్కడ నిలుపవలెనో మాత్రము పెద్దమనుష్యులు పంచాయతీ ఆఫీసులో కూర్చుండి తేల్చక, కోతకు వచ్చు ఆడవారినే ముందుగా అడుగుట మేలు.