కుందేటికి కొమ్ములున్నవి



కుందేటికి కొమ్ములుండవని చిన్న పిల్లలకు కూడ తెలియును. అయితే జగ్గయ్యపేట, నందిగామ మెట్టలో గొడ్లు కాచిన పెద్దలను అడిగి చూడండి. "కుందేటి కొమ్ములా? ఎందుకు లేవండీ, చిన్నప్పుడు ఎన్ని తిన్నామో!" అంటారు. రాళ్ల గుట్టల మీద, రేగు, బలుసు పొదల మొదట్లో జానెడు మొదలు మూరెడు ఎత్తు వరకు నిలిచే, ఆకులు లేని కండగల మొక్క అది. ఆకలి వేసినప్పుడు, దప్పిక అయినప్పుడు పశులకాపరులు దానిని విరిచి నమిలేవారు.

ఈ మొక్కకు మరొక గౌరవమున్నది. స్కాట్లండు దేశస్థుడైన విలియం రాక్స్‌బరో అను వైద్యుడు 1781 నుండి 1793 వరకు మన సామర్లకోటలో ఉండి, ఈ తీరపు మొక్కలను మన దేశపు చిత్రకారులచేత గీయించాడు. 1795లో వెలువడనారంభించిన ఆయన గ్రంథములో ఈ మొక్క కూడ ఉన్నది. తెలుగువారు దీనిని 'కారల్లము' అంటారని ఆయన వ్రాసుకున్నాడు. 1810లో రాబర్ట్ బ్రౌన్ అను శాస్త్రజ్ఞుడు ఆ మాటనే తీసుకుని ఈ జాతికి 'కారల్లుమా' అని పేరు పెట్టాడు. నేటికిని ఏ దేశపు శాస్త్రజ్ఞుడైనను ఈ తెలుగు మాటనే పలుకుచున్నాడు. మనమే మరచిపోయాము.

మరచిపోయినవారిలో మేమును ఉన్నాము. కొన్ని సంవత్సరముల క్రిందట నందిగామ దగ్గరి ఒక పల్లెలో ఇండ్లు దర్శించుచు, చక్కెర వ్యాధి గల ఒక వృద్ధ సహోదరి ఇంటికి వెళ్లాము. ఆమె మనుమడు ఒక కట్ట తెచ్చి అరుగు మీద వేశాడు. కుందేటి కొమ్ములు పచ్చివి నమిలితే చక్కెర తగ్గునని ఎవరో చెప్పారట. మేమును చూచి, "అవేనమ్మా" అన్నాము. ఆమె ఒక కాడ విరిచింది. తెల్లని పాలు బొటబొట కారినవి.

"అయ్యగారూ, పాలు కారితే అది కాదండీ. ఇది కాడజెముడు. కంట్లో పడితే ఇంకేమన్నా ఉందా?" అని ఆ కట్టను దూరముగా పారవేయించి, పిల్లవాని చేతులు సబ్బుతో కడిగించినది. ఆ మాట నిజమే. జెముడు పాలు కంటిలో పడితే మంట, వాపు కలిగి చూపునకే ప్రమాదము. తింటే నోరు, కడుపు పుండ్లగును. ఆ రోజు మేము సిగ్గుపడి, ఆమె యొద్దనే గుర్తులు నేర్చుకున్నాము.

మొదటి గుర్తు పాలు. కుందేటి కొమ్మును విరిస్తే నీరువంటి రసమే వచ్చును. రెండవది కాడ. కాడజెముడు కాడ పెన్సిలు వలె గుండ్రన. కుందేటి కొమ్ము నాలుగు పలకలుగా ఉండి, పైకి పోనుపోను సన్నగిల్లును. బొమ్మజెముడుకు కూడ పలకలుండును గాని, దానికి ముళ్లున్నవి, పాలున్నవి. ఇక నల్లేరుకు నాలుగు పలకలున్నను కణుపులు, ఆకులు, నులితీగెలు ఉండి కంపల మీదికి ప్రాకును. మూడవది పువ్వు. కొన చివర గోధుమ, ఊదా రంగులలో పసుపు చారలతో చిన్న పువ్వులు పూయును. దగ్గర ముక్కు పెడితే కుళ్లు వాసన. ఆ వాసనకు ఈగలు వచ్చి పరాగమును చేరవేయును. నాలుగవది కాయ. సన్నని కాయలు జంటగా కొమ్ముల వలె నిలిచి, పగిలినప్పుడు జిల్లేడు దూది వంటి దూదితో గింజలు ఎగిరిపోవును. జిల్లేడు దీనికి చుట్టమే.

ఆ సహోదరి తరువాత ఒక నిజమైన కాడను ఇచ్చి పంపినది. మేము దానిని మంచి ఎరువు మట్టిలో నాటి, ఉదయము సాయంత్రము నీళ్లు పోశాము. రెండు వారములలో మొదలు కుళ్లి వాలిపోయినది. రెండవసారి ఆమె చెప్పినట్టు చేశాము. కాడను వారము రోజులు నీడను ఉంచి, తెగిన చోటు ఎండనిచ్చాము. అడుగున బెజ్జమున్న కుండీలో రెండు పాళ్లు ఇసుక, ఒక పాలు ఎర్రమట్టి, కొంచెము ఇటుక ముక్కలు వేసి నాటాము. మట్టి పూర్తిగా ఎండిన తరువాతనే నీళ్లు. వానకాలములో చూరు క్రిందికి. ఇప్పుడది కుండీ నిండినది. పగటి ఎండలో తన సన్నని రంధ్రములు మూసుకుని, రాత్రి చల్లదనములో తెరచి గాలి పీల్చుకునే మొక్కకు మన అతి ప్రేమయే విషము.

ఒక హెచ్చరిక. దీని సారము బరువు తగ్గుటకని నేడు గుళికలుగా అమ్ముచున్నారు. 2007లో ప్రచురింపబడిన బెంగుళూరు పరిశోధనలో 50 మందిని రెండు జట్లు చేసి, ఒక జట్టుకు ఈ సారమును, మరియొక జట్టుకు ఉత్త గుళికను రెండు నెలలు ఇచ్చారు. సారము తీసుకున్నవారికి ఆకలి, నడుము కొలత కొంత తగ్గినవి. బరువులో మాత్రము చెప్పుకోదగిన తేడా రాలేదు. కాబట్టి దీనిని నమ్ముకుని డాక్టరు గారిచ్చిన మాత్రలు మానవద్దు. ఆ సహోదరి కూడ మానలేదు.

గుట్టలు క్వారీలగుచున్నవి, బీళ్లు చదునగుచున్నవి. మందుకని వచ్చినవారు వేరుతో పెరికి పోవుచున్నారు. మీ పొలము గట్టున ఇది కనబడితే పెరకకండి. ఒక్క కాడ కోసుకుని, మొదలును ఉండనివ్వండి. కోయక ముందు మీ ఇంటిలోని పెద్దవారికి చూపండి. ఆ గుర్తులు తెలిసినవారు కూడ మొక్క వలెనే తగ్గిపోవుచున్నారు.