దోమ ముక్కు, దోమ కాలు



ఉప్పునుంతల ప్రాంతమున వానలు పడిన కుంటలు నిండును, చేలు పచ్చబడును, వాటివెంటనే దోమయు వచ్చును. సందెవేళ కొట్టములలో వేపాకు పొగయో, వావిలాకు పొగయో వేయుట మన పెద్దలనాటి వాడుక. “ఈ ఆకులకు దోమ నిజముగా బెదరునా?” అని మమ్ము పలువురు అడుగుచుందురు. బెదరునని మా సమాధానము. కాని ఆకును మాత్రమే నమ్మి నిదురించుట క్షేమము కాదని మా అభిప్రాయము. కారణము చెప్పెదము.

మనుష్యుని కుట్టునది ఆడుదోమ. గ్రుడ్లు పెట్టుటకై దానికి రక్తము కావలెను. మన యూపిరితో వెలువడు బొగ్గుపులుసు గాలిని నోటి ప్రక్కనున్న చిన్న అవయవములతోను, చెమట వాసనను ముఖ్యముగా మీసములతోను పసిగట్టి, అది చీకటిలో సైతము మనలను చేరును. మీసములే దానికి ముక్కు.

ఈ ముక్కునకు కొన్ని మొక్కల ఘాటు గిట్టదు. నిమ్మగడ్డికి దగ్గరి చుట్టమైన సిట్రొనెల్లా గడ్డి నూనెలో సిట్రొనెల్లాల్ అను పదార్థము కలదు. ఆవఘాటును గుర్తించు జాతి గ్రాహకమే దీనినుండి ఈగను తప్పించుచున్నదని 2010లో శాస్త్రజ్ఞులు తెలిపిరి. మలేరియా దోమయందును అట్టి గ్రాహకము కలదు. ఆవాలు నూరునప్పుడు మన ముక్కు మండునట్టిదే దాని బాధ యని పోల్చుకొనవచ్చును.

వాసనను దాటివచ్చి ఒంటిపై వాలిన దోమకు రుచి తెలుపునది కాలు. దాని పాదములయందు రుచి నెరుగు సన్నని వెండ్రుకలు కలవు. న్యూయార్కునందలి రాక్‌ఫెల్లరు విశ్వవిద్యాలయమువారు 2019లో ఒక సంగతి ప్రకటించిరి. డీట్ అను మందు పూసిన చర్మముపై వాలిన డెంగీ దోమ కాళ్ళతోనే ఆ మందును గుర్తించి లేచిపోవుచున్నది. కాళ్ళకు అది తెలియకుండ చేసినచో జంకక కుట్టుచున్నది. డీట్ మొక్కమందు కాదు, రసాయనశాలలో చేసినది. అయినను మన నూనెలకును ఈ పాఠము పనికివచ్చును. మోచేతికి పూసి మడమను విడిచిన, దోమ మడమనే వెదకికొనును.

మొక్కనూనెల బలహీనత యేమన, వాసన రావలెనన్న నూనె ఆవిరి కావలెను. ఆవిరియైనకొలది ఒంటిపై తరుగును. సిట్రొనెల్లా వంటి నూనెల ప్రభావము తరచుగా ఒకటి రెండు గంటలకే సన్నగిల్లును. మాపటివేళ పూసికొన్నవానిని నడిరేయి కాపాడు కావలి యుండదు. గట్టున నిమ్మగడ్డి నాటినంతమాత్రమున దోమ రాదనుకొనుటయు పొరపాటే. ఆకు నలిగినగాని ఘాటు చాలినంత వెలువడదు. ఇక పొగయందురా, మూసిన యింట దానిని పీల్చునది పసిబిడ్డలును ముసలివారును.

దోమకాటు ఒట్టి దురదకాదని తేలినది మన గడ్డమీదనే. 1897 ఆగస్టు 20వ తేదీన సికింద్రాబాదునందు రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొనెను. నాట్లవేళ రైతు వారము దినములు జ్వరముతో మంచము పట్టిన, ఆ నష్టమును ఏ ఎరువు పూడ్చగలదు?

కావున మలేరియా దోమ కుట్టు రాత్రివేళకు దోమతెరయే దిక్కు. డెంగీ దోమ పగలు కుట్టును. పనిపాటలవేళ నిండు బట్టలు కట్టి, బయటనుండు చర్మమునకు నూనె పూసికొనుడు. గాటునూనెను తిన్నగా పూయక కొబ్బరినూనెలో కొద్దిగా కలుపుడు. కంటికి తగులనీయకుడు, పసిబిడ్డలకు పూయకుడు, వేపనూనెను వారి నోటికి పోనీయకుడు. నీటి గోలెములను వారమున కొకసారి వంచి తోమి ఆరబెట్టుడు. జ్వరము తగిలినచో ఆకుపసరుతో కాలయాపన చేయక రక్తపరీక్ష చేయించుకొనుడు.

ఎరువులు కలిసి కొనుట నేర్చిన మనము దోమతెరలను ఏల కలిసి కొనరాదు? గోలెములు తోముటకు ఊరంతటికి ఒక దినమును ఏల నిర్ణయింపరాదు? ఒక యింటివారు తోమి పొరుగువారు మానిన ఫలములేదు. దోమకు గోడ అడ్డుకాదు. వచ్చు సభలోనే సభ్యులు ఈ రెండు మాటలను ఆలోచింతురుగాక.